తరిగే చమురు, ఎక్కే గోడ, గృహస్థ ధర్మం

మనిషికి ఉన్న కాలం, బలం, డబ్బు మూడూ పరిమితమే. వాటిలో ఒంటి సంతోషానికి ఎంత, కుటుంబానికి ఎంత, ఇంకా రాని కష్టానికి ఎంత కేటాయించాలన్నది గృహస్థ ధర్మం గురించి ఆలోచించిన వారందరూ ఎదుర్కొన్న ప్రశ్న. ఇరవై ఒకటో శతాబ్దపు అమెరికా శివారు ఊళ్లలో ఇది కొత్త రూపం తీసుకుంది. అక్కడ ఒంటి సంతోషం అంటే చాలామందికి జిమ్‌లో కట్టిన కృత్రిమ గోడను ఎక్కే క్లైంబింగ్. కుటుంబం అంటే కళ్లెదుట పిల్లలు, సముద్రాల అవతల తల్లిదండ్రులు. రాబోయే కష్టం అంటే ఆ జీవితం మొత్తాన్ని నడిపిస్తున్న చమురు తరిగిపోవడం. వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీలో ఈ మూడూ ఒకదానికొకటి తగులుతూ కనిపిస్తాయి.

షాంటిలీ వాషింగ్టన్ నగరానికి పడమరగా పాతిక మైళ్ల దూరంలో, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ అంచున ఉంది. సొంత పురపాలక సంఘం లేని ఊరు. 2020 జనగణన నాటికి జనాభా సుమారు 24 వేలు. ఒకప్పుడు ఇదంతా పొలాల ప్రాంతం. ఊరి రూపు మార్చింది విమానాశ్రయం. 1950ల చివర్లో విల్లార్డ్ అనే పల్లెను ఖాళీ చేయించి, ఆ నేల మీద కట్టిన డల్లెస్ అంతర్జాతీయ విమానాశ్రయం 1962 నవంబరులో మొదలైంది. తర్వాత రూట్ 50, రూట్ 28 రోడ్ల వెంట ఆఫీసులు, గిడ్డంగులు, ఇళ్ల సముదాయాలు పెరిగాయి. రాజధాని మందిర్ అనే హిందూ దేవాలయం ఇక్కడే ఉంది. షాంటిలీలోనూ చుట్టుపక్కల సౌత్ రైడింగ్, హెర్న్‌డన్, యాష్‌బర్న్‌లలోనూ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. మెట్రో సిల్వర్ లైన్ 2022 నవంబరులో డల్లెస్ మీదుగా యాష్‌బర్న్ దాకా వచ్చింది. అయితే ఆ స్టేషను చేరడానికే చాలా ఇళ్ల నుంచి కారు కావాలి. బడి, గుడి, కూరగాయలు, వైద్యుడు, క్లైంబింగ్ జిమ్, ఏదీ నడిచి చేరేంత దూరంలో లేని ఇళ్లే ఎక్కువ.

ఈ ప్రాంతానికి ఇంధనం టెక్సస్ నుంచి న్యూజెర్సీ వరకు సాగే కొలోనియల్ పైప్‌లైన్ ద్వారా వస్తుంది. దాని మొత్తం పొడవు సుమారు 5,500 మైళ్లు. అమెరికా తూర్పు తీరం వాడే ఇంధనంలో దాదాపు 45 శాతం ఈ గొట్టాల్లోనే ప్రవహిస్తుంది. నేల కింద ఉండడం వల్ల మామూలు రోజుల్లో ఎవరి కంటా పడదు. రెండుసార్లు మాత్రం అందరికీ గుర్తు చేసింది. 1993 మార్చి 28న షాంటిలీకి పది మైళ్ల లోపున్న రెస్టన్ వద్ద పైపు పగిలి నాలుగు లక్షల గ్యాలన్లకు పైగా డీజిల్ షుగర్‌ల్యాండ్ రన్ వాగులోకి, అక్కడి నుంచి పొటోమాక్ నదిలోకి పోయింది. 2021 మే 7న సంస్థ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగి పైప్‌లైన్ ఆగిపోయింది. నాలుగు రోజులకే వర్జీనియా గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. బంకుల ముందు కార్లు బారులు తీరాయి, చాలా బంకులు ఖాళీ అయ్యాయి. మే 12 సాయంత్రం పంపింగ్ మళ్లీ మొదలైంది. భూమిలో చమురు ఉంది, శుద్ధి కర్మాగారాల్లో పెట్రోలు ఉంది, అయినా ఆ అయిదు రోజుల్లో ఊరు తడబడింది.

అయితే ఒక గొట్టం ఆగడం వేరు, నిల్వ తరగడం వేరు. రెండో విషయం గురించి అంకెలతో మాట్లాడి పేరుపొందిన భూగర్భ శాస్త్రవేత్త ఎం. కింగ్ హబ్బర్ట్. 1956లో శాన్ ఆంటోనియోలో జరిగిన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ సమావేశంలో ఆయన ఒక గంట ఆకారపు గీతను చూపించాడు. ఏ క్షేత్రంలోనైనా ఉత్పత్తి పెరుగుతుంది, దాదాపు సగం తీసేసరికి శిఖరానికి చేరుతుంది, తర్వాత తగ్గుతుంది. అమెరికా శిఖరం 1965, 1970ల మధ్య వస్తుంది అన్నాడు. 1970లో అమెరికా రోజుకు 96 లక్షల పీపాలు తీసింది. అక్కడి నుంచి తగ్గుతూ 2008 నాటికి 50 లక్షల పీపాలకు దిగింది. హబ్బర్ట్ 1964 నుంచి 1976 వరకు అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేశాడు. ఆ సంస్థ కేంద్ర కార్యాలయం ఇప్పుడు ఉన్నది రెస్టన్‌లోనే. తరుగుదల గురించిన ఆలోచన షాంటిలీకి పరాయిది కాదు.

ఆ ఆలోచన తర్వాత ఎదుర్కొన్న భంగపాటు కూడా అంతే ముఖ్యం. ప్రపంచ ఉత్పత్తి 2000 ప్రాంతంలో శిఖరానికి చేరుతుందని హబ్బర్ట్ వేసిన అంచనా నిజం కాలేదు. 2005లో అమెరికా ఇంధన శాఖ కోసం రాబర్ట్ హిర్ష్ బృందం రాసిన నివేదిక, శిఖరానికి ఇరవై ఏళ్ల ముందే సన్నాహాలు మొదలుపెట్టాలని హెచ్చరించింది. 2008 జూలైలో పీపా ధర 147 డాలర్లకు చేరినప్పుడు ఆ రోజు వచ్చేసిందని ఎందరో నమ్మారు. కొందరు ఉద్యోగాలు వదిలి దూరపు కొండల్లో నేల కొన్నారు. ఆ తర్వాత రాతిపొరలను నీటి ఒత్తిడితో పగలగొట్టి తీసే షేల్ చమురు వెల్లువెత్తింది. 2018లో అమెరికా తన 1970 రికార్డును దాటింది, 2024 నాటికి రోజుకు 1.3 కోట్ల పీపాలకు పైగా తీసింది. షేల్ బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా శక్తి కోల్పోతుంది, కనుక ఉన్న చోట ఉండడానికే కొత్త బావులు తవ్వుతూ ఉండాలి. అయినా తేదీ చెప్పి బెదిరించినవారు ఓడిపోయారన్నది వాస్తవం. దాన్ని దాచి తరుగుదల గురించి చెప్పే ధర్మోపదేశానికి విలువ ఉండదు.

తరుగుదల ఎలా ఉంటుందో తెలుగు నేల కళ్లారా చూసింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో కాకినాడ తీరానికి అవతల సముద్రగర్భంలోని కేజీ డీ6 క్షేత్రం నుంచి 2009 ఏప్రిల్‌లో సహజవాయువు రావడం మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయని లెక్కగట్టారు. 2010లో 6 కోట్లు దాటి, అక్కడి నుంచి ఏటేటా పడిపోయింది. మొదట ఉత్పత్తినిచ్చిన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఆ వాయువును నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఏళ్ల తరబడి ఊరకే నిలబడ్డాయి. అదే బ్లాకులో కొత్త క్షేత్రాలు 2020 డిసెంబరు నుంచి మళ్లీ వాయువు ఇస్తున్నాయి. ఇక్కడా అదే పాఠం కనబడుతుంది. ఒక్కో బావి తరగడం ఖాయం. ఎప్పుడు, ఎంత వేగంగా, దాని స్థానంలో ఏది వస్తుంది అన్నవి ముందుగా తెలియవు.

తప్పక జరిగేదైనా తేదీ తెలియని నష్టం పట్ల మనిషి ఎలా నడుచుకోవాలి? జర్మన్ తత్వవేత్త హాన్స్ జోనాస్ 1979లో బాధ్యతా సూత్రం మీద ప్రచురించిన గ్రంథం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మనిషి శక్తి భవిష్యత్తును పాడుచేయగలిగేంతగా పెరిగింది కనుక నీతి పరిధి కూడా పుట్టబోయే వారి దాకా పెరగాలని ఆయన వాదించాడు. మంచి అంచనా, చెడు అంచనా రెండూ ఎదురైనప్పుడు చెడుదానికి ఎక్కువ బరువు ఇవ్వాలన్నాడు. జోనాస్ దృష్టిలో బాధ్యతకు మూల నమూనా తల్లిదండ్రులకు, పసిబిడ్డకు మధ్య ఉన్న బంధం. పసిబిడ్డ ఊపిరి తీస్తూ ఎదురుగా ఉండడమే పెద్దవాళ్ల మీద కర్తవ్యాన్ని మోపుతుంది. ఈ మాటను చమురుకు అన్వయిస్తే ఒక నియమం వస్తుంది. భవిష్యత్తు కోసం చేసే ఏ సన్నాహానికైనా అర్థం ఇచ్చేది బిడ్డే కనుక, బిడ్డకు దక్కాల్సిన వర్తమానాన్ని తినేసే సన్నాహం తన కారణాన్ని తానే చెరుపుకుంటుంది.

భారతీయ సంప్రదాయంలో ఇదే సందర్భానికి సరిపోయే కథ మహాభారతం శాంతిపర్వంలోని ఆపద్ధర్మ భాగంలో ఉంది. తిక్కన చేతిలో ఆ పర్వం తెలుగైంది; పంచతంత్రం ద్వారా కథ ఇంటింటికీ చేరింది. ఒక చెరువులో మూడు చేపలు స్నేహంగా ఉంటాయి. జాలరులు నీటిని తోడడం మొదలుపెడతారు. ముందుచూపు గలది పరిస్థితి గ్రహించి, కాలువ ఉండగానే వేరే నీటికి వెళ్లిపోతుంది. సమయానికి తగిన బుద్ధి గలది ఉండిపోయి, వలలో పడ్డాక ఉపాయంతో తప్పించుకుంటుంది. తొందరేముందని వాయిదా వేసే దీర్ఘసూత్రి చస్తుంది. రాజ్యభారం తలకెత్తుకున్న ధర్మరాజుకు భీష్ముడు చెప్పిన కథ ఇది. నీరు తరుగుతున్న చెరువు కథ కనుక చమురు చర్చకు అచ్చంగా అతికినట్టు ఉంటుంది. మొదటి రెండు చేపల తెలివి రెండు వేర్వేరు ఆపదలకు పనికొస్తుంది కూడా: 2021 మే నెలలాంటి హఠాత్ కొరతకు రెండో చేప సమయస్ఫూర్తి చాలు, ముప్పై ఏళ్ల మీద జరిగే తరుగుదలకు మొదటి చేప ముందుచూపు కావాలి.

కానీ కథలోని చేపకు సంసారం లేదు. అది ఒక్కటే ఈది వెళ్లిపోగలదు. గృహస్థుకు ఆ వీలు లేదు. కదిలితే పిల్లల బడి, భార్య లేదా భర్త ఉద్యోగం, ఇంటి అప్పు, ముసలి తల్లిదండ్రులు అందరూ కదలాలి. ఊరు వదిలి అడవి అంచుకు పోవడాన్ని ధర్మశాస్త్రాలు వానప్రస్థం అన్నాయి, దానికి ఒక సమయం పెట్టాయి. ఒంటి మీద ముడతలు, నెరసిన జుట్టు, కొడుకు కొడుకు కనిపించాక బయలుదేరమంది మనుస్మృతి. జాబాలోపనిషత్తు ఆ వరసను సడలించి, వైరాగ్యం కలిగిన రోజునే బయలుదేరవచ్చు అంది. రెండు గ్రంథాలూ భయాన్ని కారణంగా ఒప్పుకోవు. 2008 ప్రాంతంలో చమురు భయంతో చిన్న పిల్లలను వెంటబెట్టుకుని కొండల్లోకి పోయిన వారిది వానప్రస్థం అనిపించుకోదు, సంసారాన్నే అడవికి మార్చడం అవుతుంది. అది తప్పని కాదు. అయితే అందులో త్యాగం చేసింది పెద్దవాళ్లు ఒక్కరే కాదన్న సంగతి చాలాసార్లు లెక్కలోకి రాదు.

ఊళ్లోనే ఉండి నిల్వ చేసుకోవడం రెండో దారి. బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాలు, నీళ్ల డబ్బాలు, జనరేటర్, బ్యాటరీలు. కొన్ని వారాలకు సరిపడే నిల్వ తెలివైన పనే. తుపాను, మంచు, పైప్‌లైన్ మూత, దేనికైనా పనికొస్తుంది. దశాబ్దాల తరుగుదలకు నిల్వ జవాబు కాలేదు. గాంధేయ ఆర్థికవేత్త జె. సి. కుమారప్ప 1945లో జైలులో రాసిన శాశ్వత ఆర్థిక వ్యవస్థ గ్రంథంలో ప్రకృతి సంపదను రెండుగా విడదీశాడు. వాడితే తరిగేది నిల్వ సంపద: బొగ్గు, చమురు, ఖనిజాలు. నిత్యం పుడుతూ పారేది ప్రవాహ సంపద: ఎండ, గాలి, నది, అడవి పెరుగుదల, మనిషి శ్రమ. మొదటిదాని మీద నిలిచిన జీవితం పోటీకి, యుద్ధానికి దారితీస్తుందని, రెండోదాని మీద నిలిచింది ఎక్కువ కాలం బతుకుతుందని ఆయన నమ్మకం. చమురు నిల్వ పోతుందన్న భయంతో బేస్‌మెంట్‌లో ఇంకో నిల్వ పెట్టుకోవడం, ఆయన లెక్కలో చూస్తే, జబ్బు మార్చకుండా మంచం మార్చడమే. నైపుణ్యం, ఆరోగ్యం, ఇరుగుపొరుగు నమ్మకం ప్రవాహ సంపద కిందికి వస్తాయి. వాటిని డబ్బాలో పెట్టలేరు, వాడుతూ ఉంటేనే ఉంటాయి.

ఈ విభజన క్లైంబింగ్‌ను కొత్తగా చూపిస్తుంది. కృత్రిమ గోడలు మొదట పర్వతారోహకులు చలికాలంలో సాధన చేసుకోవడానికి పుట్టాయి. ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో 1964లో డాన్ రాబిన్‌సన్ ఒక నడవా గోడలో రాళ్లు పొదిగి కట్టినది తొలినాటి గోడల్లో ఒకటి. అమెరికాలో మొదటి వ్యాపార జిమ్ 1987లో సియాటిల్‌లో తెరిచారు. టోక్యోలో 2021లో జరిగిన ఒలింపిక్స్‌లో ఈ ఆటకు తొలిసారి పతకాలు ఇచ్చారు. షాంటిలీ వారికి స్టెర్లింగ్, మనాసస్ ఊళ్లలో జిమ్‌లు ఉన్నాయి. ఈశాన్యాన గ్రేట్ ఫాల్స్ పార్కులో పొటోమాక్ ఒడ్డున అసలు రాళ్లే ఉన్నాయి. జిమ్‌లో కనిపించే వస్తువులు దాదాపు అన్నీ చమురు రూపాంతరాలు. చేత్తో పట్టుకునే రంగురంగుల హోల్డ్‌లు పాలీయురేథేన్, తాడు నైలాన్, బూటు అడుగు కృత్రిమ రబ్బరు, కింద పరిచిన మందపాటి పరుపు ఫోమ్. అరచేతికి రాసుకునే తెల్లటి పొడి మాత్రం ఖనిజం, మెగ్నీషియం కార్బొనేట్. జిమ్నాస్టిక్స్ నుంచి దాన్ని ఈ ఆటకు తెచ్చింది 1950లలో జాన్ గిల్ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త.

ఆ వస్తువుల్లోని చమురు పెద్ద లెక్కలోది కాదు, ఎందుకంటే ఒక హోల్డ్ ఏళ్ల తరబడి మన్నుతుంది. అసలు లెక్క వేరే చోట ఉంది. డెబ్బై కిలోల మనిషి పదిహేను మీటర్ల గోడ పైకి చేరడానికి గురుత్వాకర్షణకు ఎదురు చేసే పని సుమారు 10,300 జౌళ్లు. ఒక గ్యాలన్ పెట్రోలులో ఉండే శక్తి దాదాపు 12 కోట్ల జౌళ్లు. అంటే ఆ ఒక్క గ్యాలన్‌లో అదే మనిషిని అదే గోడ మీదికి సుమారు 11,650 సార్లు ఎత్తగల శక్తి ఉంది. గ్యాలన్‌కు పాతిక మైళ్లు ఇచ్చే కారులో జిమ్‌కు రానూపోనూ ఇరవై మైళ్లు నడిపితే, దారిలో కాలిన ఇంధనం తొమ్మిది వేల ఆరోహణలతో సమానం. సాయంత్రం పది పదిహేనుసార్లు ఎక్కేసరికి ముంజేతులు బిగుసుకుపోయి, వేళ్లు తెరుచుకోని స్థితి వస్తుంది. పెట్రోలు అంటే ఏమిటో ఇంత నేరుగా చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. అమెరికాలో తలకు రోజుకు రెండున్నర గ్యాలన్ల చమురు ఉత్పత్తులు ఖర్చవుతాయి. భారతదేశంలో అర లీటరుకు కాస్త పైన. ఈ అంకెల బరువు తెలియాలంటే ఒంటి బలానికి ఉన్న హద్దు తెలియాలి.

ఈ ఆట విలువ ఆ పాఠంలోనే ఉందని అనుకుంటే పొరపాటు. పైకి చేరడం వల్ల ఏ పనీ పూర్తి కాదు. చేరాక దిగడమే. ఫలం లేని పనిని పూర్తి ఏకాగ్రతతో చేయడం నిష్కామ కర్మకు చాలా దగ్గర. పడిపోవడాన్ని సిగ్గుపడకుండా నేర్చుకోవడం, బిగించడంతో పాటు వదలడం కూడా సాధన చేయడం పతంజలి చెప్పిన అభ్యాస వైరాగ్యాల జంటను గుర్తు చేస్తుంది. భగవద్గీత ఆరో అధ్యాయం యోగికి ఆహారంతో పాటు విహారం కూడా తగిన మోతాదులో ఉండాలంది. విహారాన్ని మానమనలేదు. శరీర బలం కుమారప్ప చెప్పిన ప్రవాహ సంపద. కొన్ని వారాలు మానితే వేళ్ల పట్టు సడలుతుంది, రిటైరయ్యాక వాడుకుందామని దాచుకోలేరు. రాబోయే కష్టాన్ని తలచుకుని ఈనాటి సంతోషాన్ని రద్దు చేసుకునే వ్యక్తి, దాచలేనిదాన్ని దాచబోయి పోగొట్టుకుంటాడు.

కుటుంబంతో ఘర్షణ ఇక్కడే మొదలవుతుంది. ఆఫీసు నుంచి వచ్చిన తర్వాత మిగిలే రెండు మూడు గంటల్లోనే పిల్లల హోంవర్కు, భోజనం, జిమ్ అన్నీ ఇమడాలి. బౌల్డరింగ్ అనే పద్ధతిలో తాడు ఉండదు, తోడు అక్కర్లేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని ఒంటరిగా గంటలు గడపవచ్చు. తాడుతో ఎక్కే పద్ధతిలో కింద ఇంకొకరు నిలబడి బిలే చేయాలి, అంటే తాడు వదులును క్షణక్షణం లాగుతూ పడేవారిని పట్టుకోవాలి. ఆ పని చేసేవారు చూపు తిప్పకూడదు. భార్యాభర్తలు, తండ్రీకూతుళ్లు ఒకరి బరువు ఒకరు మోసే ఈ పద్ధతి కుటుంబానికి ఇచ్చేది ఎక్కువ, దాని దగ్గర తీసుకునేది తక్కువ. మనిషి బదులు యంత్రమే తాడు పట్టే ఆటో బిలేలు ఇప్పుడు చాలా జిమ్‌లలో ఉన్నాయి. అవి సౌకర్యమే. అయినా ఇంట్లో మనుషులు ఉండగా యంత్రానికి తగులుకోవడం అలవాటైతే, ఈ ఆటలో గృహస్థుకు దొరికే అత్యంత విలువైన భాగం జారిపోతుంది.

షాంటిలీ తెలుగు కుటుంబానికి చమురుతో ఉన్న అతి లోతైన బంధం మాత్రం కారూ కాదు, జిమ్మూ కాదు, విమానం. డల్లెస్ నుంచి హైదరాబాదుకు సరళరేఖలో సుమారు 13,000 కిలోమీటర్లు. గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో వెళ్లాలి కనుక దూరం ఇంకా పెరుగుతుంది. ఆధునిక విమానంలో ఒక ప్రయాణికుడికి నూరు కిలోమీటర్లకు మూడు లీటర్లు చొప్పున వేసుకున్నా, వెళ్లి రావడానికి 780 లీటర్లు దాటుతుంది. అమెరికా సగటు మనిషి దాదాపు మూడు నెలల్లో వాడే చమురు అది. కారుకు బ్యాటరీ వచ్చింది. ఖండాంతర విమానానికి ఆ దారి ఇంకా లేదు. మొక్కల నూనెలు, వ్యర్థాల నుంచి తయారుచేసే ప్రత్యామ్నాయ ఇంధనం 2024లో ప్రపంచ విమాన ఇంధనంలో ఒక శాతానికీ చేరలేదు. చమురు బాగా ఖరీదైన రోజున మొదట తెగేది అమ్మమ్మ తాతయ్యల రాకపోకలే.

తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడంది: బ్రహ్మచర్యంతో ఋషులది, యజ్ఞంతో దేవతలది, సంతానంతో పితృదేవతలది తీర్చాలి. శతపథ బ్రాహ్మణం నాలుగోదిగా తోటి మనుషుల ఋణాన్ని చేర్చి, ఆతిథ్యంతో తీర్చమంది. పితృఋణం తీరేది వెనక్కి చెల్లించడం వల్ల కాదు, తర్వాతి తరానికి అందించడం వల్ల అన్నది ఇందులోని లోతైన మాట. జోనాస్ పసిబిడ్డ దగ్గర మొదలుపెట్టిన వాదనకు ఇది చుట్టమే. అయితే బతికి ఉన్న తల్లిదండ్రుల సేవ ఆ లెక్కలో కలిసిపోదు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి చదువు ముగించిన శిష్యుణ్ణి సంసారంలోకి పంపుతూ, తల్లినీ తండ్రినీ దేవుళ్లుగా చూడమని విడిగా ఆదేశించింది. ఆ ఆదేశానికి దూరం గురించిన మినహాయింపు లేదు. అది చెప్పిన కాలంలో పదమూడు వేల కిలోమీటర్ల దూరం ఊహలోనే లేదు.

చౌక చమురు గృహస్థుకు ఇచ్చిన అతి పెద్ద వరం వాయిదా. ఎప్పుడు కావాలంటే అప్పుడు విమానం ఉంది కనుక, తల్లిదండ్రులు పెద్దవాళ్లయ్యాక ఎక్కడ ఉండాలన్న నిర్ణయాన్ని వచ్చే ఏడాదికి నెట్టవచ్చు. కారు ఉంది కనుక పక్కింటివాళ్లతో పరిచయం లేకపోయినా పది మైళ్ల అవతలి మిత్రులతో సరిపెట్టుకోవచ్చు. శరీరం కదలని రోజంతటినీ వారాంతపు జిమ్‌తో సరిచేయవచ్చు. శాంతిపర్వం కథలో చచ్చిపోయిన చేప ముఖ్య లోపం వాయిదా వేయడం. తరుగుదలకు సన్నద్ధం కావడమంటే ముఖ్యంగా ఈ వాయిదాలను ఒక్కొక్కటిగా విప్పడం. ఈ పనికి చమురు శిఖరం తేదీ తెలియనక్కర్లేదు. హబ్బర్ట్ లెక్క తప్పినా, 2050 దాకా పెట్రోలు చౌకగా దొరికినా, తల్లి దగ్గర గడిపిన కాలం వృథా అయిందని ఎవరూ అనరు.

అయినా నష్టం లేని సన్నాహాలే చాలని చెప్పడం సులభమైన తప్పించుకోలు అవుతుంది. కొన్ని నిర్ణయాల్లో నిజంగా పోగొట్టుకోవాలి. తల్లిదండ్రులను అమెరికా తీసుకువస్తే, కారు నడపలేని ఆ పెద్దవాళ్లు షాంటిలీలాంటి ఊళ్లో ఇంటికే బందీలవుతారు. సొంత ఊళ్లో గుడికి, అంగడికి, చుట్టాలింటికి తామే నడిచి వెళ్లిన మనిషి, ఇక్కడ కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవాలి. తిరిగి వెళ్లిపోతే పిల్లల చదువు, భాష, స్నేహాలు తెగుతాయి. మెట్రో స్టేషనుకో, అంగళ్లకో నడిచే దూరంలోకి మారితే ఇల్లు చిన్నదవుతుంది, ఖరీదు పెరుగుతుంది. ఈ మూడింటిలో ఏది సరైనదో శాస్త్రం చెప్పదు. కానీ మూడోదానికి ఒక ప్రత్యేకత ఉంది: చమురు ఉన్నా పోయినా, ఆ మార్పు పెద్దవాళ్లకు కాళ్ల స్వాతంత్ర్యాన్ని వెంటనే తిరిగి ఇస్తుంది. మూడు బాధ్యతలూ ఒకదాన్నొకటి కోసుకోకుండా కలిసే చోటు అరుదు. దొరికిన చోట ముందు అక్కడే ఖర్చు పెట్టాలి.

నాలుగో ఋణం సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 2021 మే నెలలాంటి కొరతలో ఒకరి ఖాళీ ట్యాంకుకు ఇంకొకరి కారు తోడయ్యేది వీధి పరిచయాల వల్లే. ఇంగ్లండ్‌లోని టాట్నెస్ పట్టణంలో రాబ్ హాప్‌కిన్స్ 2006లో మొదలుపెట్టిన ట్రాన్సిషన్ ఉద్యమం చమురు తరుగుదలను ఇంటి సమస్యగా కాక వీధి సమస్యగా చూసింది: కూరగాయల తోటలు, మరమ్మతు కూడళ్లు, కలిసి ప్రయాణించే ఏర్పాట్లు. తెలుగు కుటుంబాలకు గుడి, పండుగ, పిల్లల తెలుగు బడి చుట్టూ ఇలాంటి అల్లిక ఇప్పటికే ఉంది. లోటు ఏమిటంటే అది మైళ్ల దూరంలో పరుచుకుని, కార్ల మీద నడుస్తోంది. ఒకే భాషవాళ్లు కాకపోయినా ఒకే వీధివాళ్లతో ఆతిథ్యం ఇచ్చిపుచ్చుకోవడం ఆ లోటును కొంత పూడుస్తుంది.

ఇక మిగిలింది పిల్లలకు ఏం చెప్పాలన్నది. జోనాస్ భయానికి విలువ ఇచ్చాడు, అయితే ఆ భయం నిర్ణయాధికారం ఉన్న పెద్దవారిది. భీష్ముడు చేపల కథ చెప్పింది కూడా రాజుకే. ఏమీ చేయలేని వయసులో విన్న ప్రమాదం జాగ్రత్తగా మారదు, బెంగగా మిగులుతుంది. అందుకే చెప్పే మాట ఆ వయసు చేతులు చేయగల పనిని మించకూడదు. ఎనిమిదేళ్ల పిల్లకు సైకిలు చెయిను ఎక్కించడం, అన్నం వండడం, గోడ కింద నిలబడి నడుముకు కట్టే హార్నెస్ పట్టీని సరిచూడడం నేర్పవచ్చు. వీటికి చమురు ఊసే అక్కర్లేదు. వర్జీనియాలో పదిహేనున్నర ఏళ్లకు డ్రైవింగ్ నేర్చుకునే పర్మిట్ ఇస్తారు. గ్యాలన్‌లో ఎన్ని ఆరోహణలున్నాయో లెక్కగట్టి చూపించడానికి, కేజీ డీ6 ఎలా పెరిగి ఎలా పడిపోయిందో చెప్పడానికి, హబ్బర్ట్ ఎక్కడ గెలిచి ఎక్కడ ఓడాడో రెండు వైపులా ముందుంచడానికి అది తగిన వయసు.